సన్నని ఆడపిల్లకూ తాలీం కావాలి

(సంఘ వార్షికోత్సవం సందర్భంగా జరిగిన కుటుంబ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునే వాళ్లం. తెలుగులో మాట్లాడమని సంఘం వారు ఆదేశించారు. తప్పులు దొర్లితే పెద్ద మనసుతో మన్నించగలరు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడతామని మీరంతా అనుకుని ఉంటారు. చదువు గురించే మాట్లాడతాము, కాని పుస్తకాల చదువు గురించి కాదు.

ఉర్దూలో తాలీమ్ అంటే విద్య. ఆ మాటే తెలుగులోకి వచ్చి వేరే అర్థం కూడా సంపాదించింది. తాలింఖానా అంటే కసరత్తు చేసే చోటు. వస్తాదులు కుర్రవాళ్లకు దండీలు, బస్కీలు నేర్పిన చోటు. ఒకే మాటలో మెదడుకు నేర్పే విద్యా ఉంది, కండకు నేర్పే విద్యా ఉంది. మన ఆడపిల్లలకు మొదటిది ఇవ్వడానికి మన సంఘం ఎంతో పాటుపడింది. రెండవది ఇవ్వాలన్న ఆలోచన మనలో ఎవ్వరికీ రాలేదు. ముఖ్యంగా సన్నగా పుట్టి సన్నగా పెరిగే పిల్లల విషయంలో అసలే రాలేదు. ఈ రోజు మా మాట ఆ పిల్లల గురించి.

ముందు మా తప్పు మేమే ఒప్పుకుంటాము. బడిలో బెంచీ జరపాలన్నా, నీళ్ల క్యాను ఎత్తాలన్నా ఇన్నేళ్లూ మగపిల్లలనే పిలిచాము. ఎవరైనా ఆడపిల్ల ముందుకు వస్తే, "నువ్వు ఉండు బేటీ, నీ వల్ల కాదు" అన్నాము. దయతోనే అన్నాము. కాని ఆ మాట పదేళ్లపాటు వింటే ఏ పిల్లయినా నిజమే అనుకుంటుంది. తన వల్ల కాదు అనే పాఠం మేమే చెప్పాము, పరీక్ష పెట్టకుండానే ఫెయిలు చేశాము.

సన్నని పిల్లకు మన ఇళ్లల్లో రెండు రకాల మాటలు వినపడతాయి. చిన్నప్పుడు, "దుబ్లీ పత్లీ, గాలి వస్తే ఎగిరిపోతుంది" అని నవ్వుతారు. రిష్తా చూసే వయసు వచ్చాక ఒక ఇంటి వాళ్లు సన్నగా ఉంది, బాగుంది అంటారు. ఇంకో ఇంటి వాళ్లు పిల్లలను కని మోయగలదా అని సందేహిస్తారు. ఎవరూ అడగని ప్రశ్న ఒక్కటే: ఈ పిల్లకు బలం ఉందా? సన్నగా ఉండటం వేరు, బలం లేకపోవడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడమే మన పొరపాటు.

సన్నదనం చాలా కుటుంబాల్లో పుట్టుకతో వస్తుంది. తల్లి సన్నం, నాన్నమ్మ సన్నం, పిల్లా సన్నమే. అది జబ్బు కాదు. అయితే ఒక లెక్క చూసుకోవాలి. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె 18.5 కంటే తక్కువ ఉంటే ఆ స్త్రీ ఉండవలసిన బరువు కంటే తక్కువ ఉందని డాక్టర్లు అంటారు. 155 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ 44 కిలోలు ఉంటే ఆ అంకె 18.3 వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 100కి దాదాపు 19 మంది ఈ గీతకు దిగువన ఉన్నారు. రక్తహీనత ఉన్నవారు 100కి 57 మంది. అంటే మన సన్నని పిల్లల్లో కొందరిది పుట్టుక సన్నదనం, కొందరిది తిండి చాలని సన్నదనం, కొందరిది రక్తం లేని సన్నదనం. చూపుకు ముగ్గురూ ఒకేలా ఉంటారు. అందుకే మొదట ఒక రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే ముందు దానికి మందు, తర్వాతే కసరత్తు.

ఇక ఈ విషయం మాకు ఎలా తెలిసివచ్చిందో చెబుతాము. మా అమ్మీ ఎప్పుడూ సన్నని మనిషే. నలభై అయిదు కిలోలు దాటిన జ్ఞాపకం లేదు. బీపీ లేదు, షుగర్ లేదు. సన్నగా ఉంది కాబట్టి ఆరోగ్యంగా ఉందని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నాము. అరవై దాటాక ఒక రంజాన్ నెలలో సజ్దా నుంచి లేవలేక చెయ్యి ఆనించి, అయినా లేవలేక అలాగే కూర్చుండిపోయింది. మరునాడు మేము ఒక కుర్చీ తెచ్చి వేశాము. మంచి కొడుకులం అనుకున్నాము. అమ్మీ కుర్చీలో కూర్చుని నమాజ్ చేసింది. సలామ్ తిప్పాక కళ్లు తుడుచుకుంది. "నుదురు నేలకు ఆనక ఎంత కాలం బతికితే ఏం లాభం రా" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

డాక్టరు దగ్గరకు తీసుకువెళితే ఎముకలు పలచబడ్డాయని, అంతకంటే ముందు తొడ కండలు తరిగిపోయాయని చెప్పాడు. మాత్రలు రాశాడు. మాత్రలతో పాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోమని, రోజు విడిచి రోజు చేయమని చెప్పాడు. మాకు నవ్వు వచ్చింది. ముసలి తల్లికి బస్కీలా అనుకున్నాము.

నవ్వవలసిన విషయం కాదని తర్వాత చదివితే తెలిసింది. 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని బోస్టన్ నగరంలో వృద్ధాశ్రమంలో ఉంటున్న 10 మంది చేత బరువులు ఎత్తించారు. వాళ్ల వయసు దాదాపు 90. ఎనిమిది వారాలు పూర్తి చేసిన 9 మందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. అంటే ఉన్నదానికి రెండున్నర రెట్లు దాటింది. 90 ఏళ్ల కండ నేర్చుకోగా లేనిది, పదహారేళ్ల సన్నని పిల్ల కండ నేర్చుకోదా?

కండ ఎలా నేర్చుకుంటుందో రెండు మాటల్లో చెబుతాము. అలవాటు లేని బరువు ఎత్తినప్పుడు మొదటి కొన్ని వారాలు కండ పెద్దగా లావెక్కదు. ముందు నేర్చుకునేది మెదడు, నరాలు. క్లాసులో నలభై మంది పిల్లలుంటే పదిమందే చెయ్యి ఎత్తినట్టు, బలహీనుల కండలో కొన్ని పోగులే పనికి వస్తుంటాయి. సాధన చేసిన కొద్దీ మిగతా పోగులు కూడా చెయ్యి ఎత్తడం నేర్చుకుంటాయి. ఆ తర్వాత నెమ్మదిగా పోగులు మందమవుతాయి. అందుకే సన్నని స్త్రీ చూడటానికి సన్నగానే ఉండి, లోపల ఎంతో బలం సంపాదించగలదు.

"మగవాడిలా తయారవుతుంది" అని భయపడే తల్లులకు ఒక మాట. కండలు బాగా ఉబ్బడానికి తోడ్పడే టెస్టోస్టిరాన్ అనే హార్మోను స్త్రీలలో పురుషులతో పోలిస్తే పదో వంతు కూడా ఉండదనుకోవచ్చు. పైగా సన్నని ఒంటి వాళ్లకు కండ పెరగడం మరీ నెమ్మది. పహిల్వాను అయిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. ఇంకో తల్లి అంటుంది, "అసలే పుల్లలా ఉంది, కసరత్తు చేస్తే ఉన్నది కూడా కరిగిపోతుంది" అని. అదీ నిజం కాదు. తిండి చాలినంత తింటూ బరువులు ఎత్తితే సన్నని వాళ్లకు బరువు పెరుగుతుంది, ఆ పెరిగేదాంట్లో కండ భాగం ఉంటుంది. నెయ్యి, మిఠాయి మాత్రమే పెట్టి లావు చేస్తే వచ్చేది కొవ్వు. ఆ కొవ్వు బకెట్టు ఎత్తదు.

నిదర్శనం కావాలంటే దూరం పోనక్కర్లేదు. మణిపూర్‌కు చెందిన మీరాబాయి చాను 49 కిలోల తరగతిలో పోటీ చేసిన మనిషి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒక ఎత్తులో 87 కిలోలు, ఇంకో ఎత్తులో 115 కిలోలు లేపి వెండి పతకం గెలిచింది. తన ఒంటి బరువుకు రెట్టింపు దాటిన ఇనుమును తలపైకి ఎత్తింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలో ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. బరువు చూస్తే వీళ్లిద్దరూ మన ఇళ్లల్లో దుబ్లీ అనిపించుకునే పిల్లల దగ్గరే ఉంటారు. మన పిల్లలు పతకాలు తేవాలని మేము అనడం లేదు. తక్కువ బరువు ఉన్న ఒంట్లో ఎంత తాకత్ పట్టగలదో చూడమంటున్నాము.

ఎముక సంగతి ఇంకా ముఖ్యం. ఎముక రాయి కాదు, ప్రాణం ఉన్నది. బరువు మోస్తే గట్టిపడుతుంది, మోయకపోతే పలచబడుతుంది. రోదసిలో బరువు తెలియని చోట ఉండే వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు ఒక శాతం పైగా తరుగుతుంది. ఒంటి బరువు ఎక్కువ ఉన్నవాళ్ల ఎముక రోజూ ఆ బరువును మోస్తూ ఉంటుంది. సన్నని స్త్రీ ఎముకకు ఆ పని తక్కువ. అందుకే ముసలితనంలో ఎముకలు గుల్లబారే ప్రమాదం సన్నని స్త్రీలకే ఎక్కువ. ముప్పై ఏళ్ల లోపు ఎముకలో ఎంత దాచుకుంటే, నెలసరి ఆగిన తర్వాత అంత తీసి వాడుకోవాలి. ఇది బ్యాంకు ఖాతా వంటిది. మా అమ్మీ ఖాతాలో జమ లేకపోయింది. ఎవరూ వేయమని చెప్పలేదు.

ఇక్కడ మా ఆపా ఒకావిడ అడ్డు తగిలింది. "తమ్ముడూ, పొద్దున లేచి నీళ్లు మోస్తాం, బట్టలు పిండుతాం, ఇల్లు తుడుస్తాం. ఇంకా కసరత్తు ఏమిటి?" అని. న్యాయమైన ప్రశ్న. ఇంటిపని కష్టమే, కాదనే ధైర్యం మాకు లేదు. కాని ఇరవై ఏళ్ల క్రితం ఏ బకెట్టు మోశారో ఇప్పుడూ అదే బకెట్టు. ఒకటో క్లాసు పుస్తకమే ఇరవై ఏళ్లు చదివితే రెండో క్లాసు పాఠం వస్తుందా? రెండవ ప్రపంచ యుద్ధం చివరి కాలంలో డెలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు గాయపడిన సైనికుల కాళ్లకు బలం తెప్పించడానికి కనిపెట్టిన సూత్రం ఇదే: బరువును మెల్లమెల్లగా పెంచుతూ పోవాలి. ఇంటిపనిలో అలసట పెరుగుతుంది, బరువు పెరగదు. నమాజ్ సంగతి కూడా చెబుతాము. రోజుకు 17 ఫర్జ్ రకాత్‌లలో 34 సజ్దాలు. నేల నుంచి లేచే అలవాటు నిలబెట్టే గొప్ప వరం అది. కాని నమాజ్ ఇబాదత్, దాన్ని కసరత్తు లెక్కలో కట్టరాదు. కసరత్తు చేసేది ఆ సజ్దాలు చివరిదాకా నిలుపుకోవడానికి.

ఇక చేసే విధానం. జిమ్ అక్కర్లేదు, ఇంట్లో ఉన్న సామాను చాలు. వారానికి రెండు లేక మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలందరికీ, స్త్రీలు పురుషులు అనే తేడా లేకుండా, వారానికి కనీసం రెండు రోజులు కండలకు పని చెప్పమన్నది.

మొదటిది, కుర్చీ. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేచి, మెల్లగా కూర్చోవాలి. దబ్బున పడకూడదు.

రెండవది, గోడ. గోడకు చేతులు ఆనించి, ఒళ్లు తిన్నగా ఉంచి, ముందుకు వంగి వెనక్కు నెట్టుకోవాలి. అలవాటయ్యాక గోడ బదులు మంచం అంచు, తర్వాత నేల.

మూడవది, బియ్యం సంచి. 5 కిలోల సంచి నేలమీద పెట్టి, వీపు వంచకుండా తుంటి, మోకాళ్లు వంచి, సంచిని ఒంటికి దగ్గరగా పట్టుకుని నిలబడాలి, మళ్లీ అలాగే దింపాలి. బరువు ఎత్తే విద్య అంతా ఈ ఒక్క దాంట్లో ఉంది. 

నాలుగవది, బడిసంచి. పుస్తకాలు నింపిన సంచిని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో స్టూలు ఆనుకుని ముందుకు వంగి, సంచిని నడుము దాకా లాగి దింపాలి. తర్వాత రెండో చెయ్యి.

అయిదవది, నీళ్ల సీసా. లీటరు సీసా నింపితే కిలో బరువు. రెండు చేతుల్లో రెండు సీసాలు భుజం నుంచి తలపైకి ఎత్తాలి.

ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, కొంచెం ఆగి రెండో విడత. మొత్తం అరగంట. చివరి రెండుసార్లు కష్టం అనిపించాలి, నొప్పి మాత్రం ఉండకూడదు. ఊపిరి బిగబట్టరాదు. 12 సార్లు సులువుగా వచ్చిన రోజు బరువు కొంచెం పెంచాలి. 5 కిలోల సంచి 7 కావాలి, 7 కిలోలది 10 కావాలి. ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. మార్కులు చూసుకుంటే పిల్లలకు హుషారు ఎలా వస్తుందో, ఇదీ అంతే. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

తిండి లేనిదే ఇదంతా వృథా. కండకు ఇటుకలు ప్రోటీన్లు. 44 కిలోల స్త్రీకి మామూలుగా రోజుకు సుమారు 37 గ్రాములు కావాలి. బరువులు ఎత్తేవాళ్లకు 50 దాటితే మంచిది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో అంతే, గుప్పెడు కందిపప్పులో 10 గ్రాముల దాకా ఉంటాయి. ఖరీదైన పొడి డబ్బాలు అక్కర్లేదు. ఎముకకు రాగులు, పాలు, పెరుగు. మిద్దె మీద గోప్యం ఉన్న చోట కాసేపు ఎండ. భోజనం మీద వెంటనే చాయ్ తాగితే తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగి తాగండి.

తిండి మాట వచ్చింది కాబట్టి ఒక చేదు నిజం చెప్పక తప్పదు. దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు సాలన్‌లో ముక్కలు ముందు మగవాళ్ల పళ్లెంలోకి, తర్వాత మగపిల్లల పళ్లెంలోకి వెళతాయి. ఆడపిల్లకు పులుసు, ఆఖరున కూర్చున్న తల్లికి గిన్నె అడుగు. ఆ తర్వాత పిల్ల సన్నగా ఉందేమిటని మనమే అడుగుతాము. కసరత్తు కంటే ముందు వడ్డన మారాలి.

కొన్ని జాగ్రత్తలు. ఉన్నట్టుండి బరువు తగ్గినా, జ్వరం దగ్గు విడవకపోయినా, గుండె దడ ఉన్నా అది పుట్టుక సన్నదనం కాదు. థైరాయిడో, క్షయో, షుగరో డాక్టరు తేల్చాలి. కసరత్తు మొదలుపెట్టాక నెలసరి తప్పుతుంటే తిండి చాలడం లేదేమో. ఆపి డాక్టరుకు చూపించాలి. గర్భిణులు, ఎముకలు పలచబడిన పెద్దవాళ్లు అడగకుండా మొదలుపెట్టరాదు. రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక, కొంచెం తేలికగా చేసుకుంటే చాలు.

"ఆడవాళ్లకు ఇది తగునా?" అని పెద్దలు అడగవచ్చు. హజ్రత్ ఆయిషా (రజి) ఒక ప్రయాణంలో ప్రవక్త (స) వారితో పరుగు పందెం వేసి గెలిచారనీ, తర్వాత కాలంలో ఒళ్లు వచ్చాక మళ్లీ పరుగెత్తితే ప్రవక్త (స) వారు గెలిచారనీ అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఉహుద్ యుద్ధంలో హజ్రత్ ఉమ్మె అమ్మారా (రజి) కత్తి పట్టి ప్రవక్త (స) వారికి అడ్డుగా నిలిచిన సంగతి మనం పిల్లలకు చెబుతూనే ఉన్నాము. కథ చెప్పి ఊరుకోవడం కాదు, ఆ చేతికి బలం ఎక్కడిదని కూడా పిల్లలు అడగాలి. పరదా పాటిస్తూనే, ఇంటి నాలుగు గోడల మధ్యనే ఇదంతా చేయవచ్చు. అడ్డం వచ్చేది దీన్ కాదు, మన అలవాటు.

సంఘ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మన సంఘ భవనంలో వెనుక గది చాలా రోజులు తాళం వేసే ఉంటుంది. వారానికి రెండు రోజులు, అసర్ నమాజ్ తర్వాత ఒక గంట, ఆ గది తాళంచెవి ఆడవాళ్ల చేతికి ఇవ్వండి. నేర్పడానికి తెలిసిన ఒక మహిళను పిలిపించండి. నాలుగు జతల డంబెల్‌లు, నాలుగు చాపలు, ఒక తూకం మిషను చాలు. పుస్తకాల తాలీమ్‌కు స్కాలర్‌షిప్పులు ఇస్తున్న సంఘం, ఈ తాలీమ్‌కు ఒక గది ఇవ్వలేదా?

చివరగా అమ్మీ సంగతి చెప్పి సెలవు తీసుకుంటాము. మొదట దిండు వేసిన ఎత్తు కుర్చీ, తర్వాత దిండు లేని కుర్చీ, ఆ తర్వాత చిన్న స్టూలు. ఎనిమిది నెలలు పట్టింది. పక్కన మా చిన్నమ్మాయి నిలబడి లెక్కపెడుతూ తనూ చేసేది. పూర్వపు బలం అంతా రాలేదు; ఇప్పటికీ లేచేటప్పుడు ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుంటుంది. కాని కుర్చీ మూలన పడింది, జానమాజ్ నేలమీద పరుచుకుంటోంది. మా అమ్మాయి ఇప్పటికీ సన్ననే. మొన్న గ్యాసు బండ వస్తే మేము లేవబోయేలోగా వీపు తిన్నగా పెట్టి, మోకాళ్లు వంచి, నిండు బండను వంటింటి గడప దాటించింది. మాకు నోటిదాకా వచ్చింది, "నువ్వు ఉండు బేటీ" అని. ఆ మాట మింగేశాము.

మీరు కూడా ఆ మాట మింగేయండి. మన ఆడపిల్లలకు అల్లాహ్ సేహత్, తాకత్ ప్రసాదించుగాక, ఆమీన్.